సగంలో ఆగిన పార

నీటి వంతు పోయిన రోజు ఆదివారం. పూజ అయ్యి జనం చర్చి ముంగిట్లోకి వచ్చాక, నీటి సంఘం పెద్ద, అందరూ తయిత అని, అంటే అయ్య అని, పిలిచే సెగుందో టోపీ తీసి చేత్తో పట్టుకుని, కాలువ పనికి వరసగా రాని ఇళ్లేవో చెప్పాడు. రెండే ఇళ్లు. ఒకదానికి తాళం వేసి ఉంది. ఆ ఇంటివాళ్లు అరటితోటల పని వెతుక్కుంటూ సముద్రం వైపు దిగిపోయారు. రెండోది డెల్ఫినాది. గురువారం మధ్యాహ్నం నీళ్లు ఇక ఆమె చేలోకి తిరగవని చెప్పి, ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. డెల్ఫినా అప్పుడు చర్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అలాంటి మాటను నిలబడి వినాలి. కూర్చుని విన్నందుకు కూడా ఇద్దరు ముగ్గురు ఆమె వంక అదోలా చూశారు.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవారికి కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. సాచాలోమ ఊరికి ఆ జ్వరం వచ్చిన ఏడాది డెల్ఫినా ఇంట్లో ఇద్దరు మంచం పట్టారు. భర్త వెంతూరా లేవలేదు. ఆమె లేచింది. లేచిందనే ఊరు అనుకుంది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, ముక్కుకు తెలియకుండా పోయిన వాసన కూడా తిరిగి వచ్చింది. సత్తువ మాత్రం రాలేదు. పట్నంలో డాక్టరు రక్తం తీయించి చూసి, అన్నీ బాగానే ఉన్నాయి, కాస్త నడుస్తూ ఉండమన్నాడు. అత్త అసుంతా తనకు తెలిసిన వైద్యం చేసింది. తెల్లవారుతూనే చన్నీళ్లు పోసి, దురదగొండి కట్టతో వీపు మీద, కాళ్ల మీద బాదింది. ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు తేలాయి. సత్తువ రాలేదు.

అసలు తప్పు డెల్ఫినాయే చేసింది, అదీ ఊరి పద్ధతి ప్రకారమే. భర్త పోయిన మనిషి, ఏడాది మైల తీరాక ఊరుమ్మడి పనికి తొలిసారి వచ్చినప్పుడు, తన వాటాతో పాటు పోయినవాడి వాటా కూడా తవ్వాలి. అలా తవ్వితే చనిపోయినవాడు ఊరికి ఏమీ బాకీ లేకుండా పోయినట్టు. వెంతూరా బాకీ మిగిల్చి పోయాడని ఎవరూ అనకూడదని ఆమె రెండు వాటాలూ తవ్వింది. ఆడవాళ్లు మెచ్చుకున్నారు. మగవాళ్లు ఆమె పార తీసుకుని బురద కడిగి ఇచ్చారు. మర్నాడు ఆమె మంచం మీంచి లేవలేదు. ఆలుగడ్డ చేలో కలుపు మోకాలెత్తు పెరిగేదాకా లేవలేదు. ఆమె పడి ఉండడం ఊరు చూడలేదు. తవ్వడం చూసింది. అంత తవ్విన మనిషి ఆ తర్వాత పనికి రాలేదంటే ఒళ్లు వంచడం ఇష్టం లేకేనని తేల్చుకుంది.

నీటి వంతు పోయిన తర్వాత చేలో చిక్కుడు ఆకులు అంచుల్లోంచి నల్లబడ్డాయి. మొక్కజొన్న విత్తనాలు వేసే ముందు కాలువ మొత్తానికి పూడిక తీసే రోజు వచ్చింది. ఆ రోజు పార భుజాన వేసుకుని కొండెక్కుతూ డెల్ఫినా ఒకటి చూసింది. ముందు నడుస్తున్న బల్బీనా, ఊళ్లో అందరికన్నా ముందు ఆమెను సోమరి అన్న బల్బీనా, రాతిగోడ చాటున ఆగింది. సీసాలోంచి చెరకు సారా అరచేతిలోకి ఒంపుకుని భర్త ఎలియాస్ తల మీదుగా తొడుక్కున్న ఉన్ని పోంచో భుజాలకు, మెడ దగ్గర అంచుకు అద్దింది. ఎలియాస్ కదలకుండా నిలబడి అద్దించుకున్నాడు. పోయిన వారం కథ ఆ గోడ దగ్గర ఆగింది.

*

డెల్ఫినా గోడ దాటి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసినదాని అర్థం కొండ సగం ఎక్కేసరికి తెలిసింది.

తాగుబోతును సాచాలోమ క్షమిస్తుంది. మర్నాడు తలనొప్పితోనైనా వస్తాడని, రాకపోతే పెళ్లాం వస్తుందని సరిపెట్టుకుంటుంది. తాగినవాడి మీద జోకులు వేస్తారు, దారిలో పడిపోతే ఇంటికి మోస్తారు. సోమరిని ఎవరూ మోయరు. ఎలియాస్ కూడా ఆ ఏడాదే ఆ జ్వరంతో పడి లేచినవాడు. ఆ తర్వాత అతను దారిలో కూర్చుండిపోవడం, పనిలో మధ్యలోనే గట్టు మీద ఒరిగిపోవడం అందరూ చూశారు. పాపం, తాగుడు ఎక్కువైంది అనుకున్నారు. తనకు దొరకని జాలి అతనికి ఎలా దొరికిందో డెల్ఫినాకు ఇప్పుడు అర్థమైంది.

పైన గడ్డి బీళ్ల దగ్గర తూము మూసి ఉంది. దాని వెనక నీళ్లు నిండి, గడ్డి మొదళ్లను తాకుతున్నాయి. తూము దగ్గర ఒక మనిషి కాపలా కూర్చున్నాడు. అక్కణ్ణుంచి కొండ నడుము చుట్టూ ఊరి దాకా వచ్చే కాలువలో బురద, గడ్డి దుబ్బులు, జారిపడ్డ రాళ్లు. తయిత సెగుందో పార కర్రతో కొలుస్తూ, గట్టు మీద గీతలు గీస్తూ, ఇంటికింత అని వాటాలు పంచుకుంటూ వస్తున్నాడు. ఎవరి వాటా వాళ్లే తవ్వాలి. అడక్కుండా ఇంకొకరి వాటాలో పార పెట్టడమంటే వాళ్ల వంటింట్లోకి పోయి కుండ మూత తీసి చూడ్డమే. అడిగితే పెట్టొచ్చు. దాన్ని చేబదులు అంటారు. అడిగినవాళ్లు తర్వాత అంతకంతా తీర్చాలి, పారకు పార, నాగలికి నాగలి. మొదటి ఏడాది డెల్ఫినా చాలామంది దగ్గర చేతులు బదులు తీసుకుంది. వాళ్ల చేలల్లో ఒక్కదానికైనా తిరిగి వెళ్లలేకపోయింది. అందుకే ఇక ఎవరినీ అడగడం మానేసింది.

సెగుందో ఆమె దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించాడు. ఆమె పెళ్లికి పెద్దగా నిలబడి, కొత్త దంపతులిద్దరికీ బుద్ధులు చెప్పినవాడు ఆయనే. వెంతూరా శవపెట్టెకు ఒక కొమ్ము పట్టినవాడూ ఆయనే.

"వచ్చావా అమ్మాయ్."

"వచ్చాను తయితా."

ఆయన ఆమె వాటా కొలిచి గీత గీశాడు. తర్వాత అందరికీ వినపడేలా ఒక మాట చెప్పాడు. వాటాలన్నీ పూర్తయితే తూము తెరుస్తారు, భోజనాల దుప్పటి పరుస్తారు. దుప్పటి పరిచేలోగా డెల్ఫినా తన వాటా పూర్తి చేస్తే, గురువారం నీళ్లు మళ్లీ ఆమెవే. ఆయన మేలు చేద్దామనే అన్నాడు. ఆమెకు అది తెలుసు.

పక్క వాటా ఎలియాస్‌ది. అంటే బల్బీనాది. ఎలియాస్ గట్టు మీద కూర్చున్నాడు, నాలుగడుగుల దూరానికి సారా వాసన వస్తూ. బల్బీనా అప్పటికే మోకాళ్ల దాకా బురదలో ఉంది.

"పడుకోవడానికి కూడా చోటు కొలిచివ్వు తయితా," అంది తలెత్తకుండానే. "వదినకు తవ్వేచోటు సరిపోద్ది గానీ అది సరిపోదు."

ఆడవాళ్లు నవ్వారు.

"కొలవక్కర్లేదు వదినా," అంది డెల్ఫినా. "నా పొడుగు నాకు తెలుసు."

ఈసారి కూడా నవ్వారు, కాస్త తగ్గించి.

*

తవ్వడం ఆమెకు కష్టం కాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోయింది. పార దిగుతోంది, బురద లేస్తోంది, గట్టు మీద పడుతోంది. చల్లటి గాలికి చెమట ఆరుతోంది. ఎదురుగా మేఘం తొలగి మంచుకొండ బయటికొచ్చింది. వెంతూరా బతికుండగా ఇద్దరూ పక్కపక్కనే ఇలాగే తవ్వేవారు. ఆమె వేగం ఎక్కువ, అతను వెనకబడి, కావాలనే నెమ్మదిగా తవ్వుతున్నానని బొంకేవాడు. చేతులకు ఆ పాత వేగం గుర్తుంది. అవి తమంతట తామే తొందరపడుతున్నాయి.

ఈ రెండేళ్లలో ఆమె తన ఒంటి దగ్గర ఒక విషయం నేర్చుకుంది. అలుపు పని చేసేటప్పుడు రాదు. మర్నాడు వస్తుంది, ఒక్కోసారి మూడోనాడు వస్తుంది. వచ్చాక పనిని బట్టి ఉండదు, దాని ఇష్టం వచ్చినన్నాళ్లు ఉంటుంది. అలిసిపోయాక ఆగితే అప్పటికే ఆలస్యం. అలవక ముందే, ఇంకా తవ్వాలని ఉన్నప్పుడే ఆగాలి. అది ఆకలి మీద ఉండగా విస్తరి ముందునుంచి లేవడం లాంటిది. చూసేవాళ్లకు అర్థం కాదు. చేసేవాళ్లకు ఏడుపొస్తుంది.

పొద్దున బయల్దేరేటప్పుడు అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది. దురదగొండితో కొట్టిన అత్తే, ఆ పెద్ద పడక తర్వాత కొట్టడం మానేసింది. కోడలి నోట్లో చెంచాతో గంజి పోయాల్సి వచ్చినప్పటి నుంచి మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పలేదు, ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఈ పొద్దున మాత్రం అంది: "తవ్వితే తవ్వు. పడుకోవాలనిపిస్తే అక్కడే పడుకో. ఇంటిదాకా వచ్చి పడకు. నిన్ను మోయడానికి ఇంట్లో మగాళ్లెవరూ లేరు."

వాటా సగానికి వచ్చింది. ఎడమ చెవిలో సన్నగా మోత మొదలైంది. అదే గుర్తు. దానికి ముందు ఏమీ తెలియదు, దాని తర్వాత అయ్యేది ఆమె చేతుల్లో ఉండదు.

గీత దాకా చూసింది. మిగిలింది పెద్ద దూరం కాదు. దుప్పటి ఇంకా మడిచే ఉంది. ఉడికిన ఆలుగడ్డల మూటలు, మొక్కజొన్న గింజలు, మిరప పచ్చడి గిన్నెలు పక్కన వరసగా పెట్టి ఉన్నాయి. ఈ సగం తవ్వేస్తే గురువారం నీళ్లు వస్తాయి. చిక్కుళ్లు బతుకుతాయి. ఎవరూ నోరెత్తరు. ఆమె పారను మళ్లీ ఎత్తింది. ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుంది.

తర్వాత దాన్ని గట్టున గుచ్చింది. శాలువా సూది తీసి, శాలువా గట్టు మీద పరిచి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని, వెల్లకిలా పడుకుంది.

సాచాలోమలో ఉమ్మడి పని మధ్యలో అలా పడుకున్న ఆడమనిషిని ఎవరూ చూడలేదు. పారల చప్పుడు పైనుంచి కిందికి ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. కింద ఎవరో పడిపోయిందా అని అడిగారు. పడిపోలేదు, పడుకుంది అని ఎవరో చెప్పారు.

*

సెగుందో వచ్చి ఆమె తల దగ్గర నిలబడ్డాడు. ఆయన బూట్లు టోపీ అంచు కిందనుంచి కనిపించాయి.

"లే అమ్మాయ్. జనం చూస్తున్నారు."

"చూస్తారనే పడుకున్నాను తయితా. ఇంట్లో పడుకుంటే ఎవరూ చూడరు."

ఆయన గొంతు తగ్గించి మెల్లగా చెప్పుకొచ్చాడు. సగం అయిపోయిందని, ఇంకొంచెం ఓపిక పడితే చాలని, తనకు ఆమె మీద కక్ష లేదని, ఆమె పేరు చర్చి ముంగిట్లో చెప్పిన రాత్రి తనకు నిద్ర పట్టలేదని. ఆమె టోపీ తీసి ఆయన్ని చూసింది.

"నేను తవ్వగలనా లేదా? మీరే చెప్పండి."

"తవ్వగలవు. ఆ రోజు రెండు వాటాలు తవ్వావు. నా కళ్లతో చూశాను."

"తవ్వగలను. ఇప్పుడు లేచి ఈ సగమూ తవ్వేస్తాను. దుప్పటి దగ్గర కూర్చుని మీ అందరితో తింటాను, నవ్వుతాను. రేపటికి చెంచా ఎత్తలేను. మా అత్త తినిపిస్తుంది. వెలుతురు పడకుండా కిటికీకి గోనెసంచి కడుతుంది. ఆలుగడ్డలకు మట్టి ఎగదోసే అదును పోతుంది, చేనూ పోతుంది. మీరు నన్ను చూసేది ఇక్కడ. నేను పడేది అక్కడ. ఆ రోజు మీరు చూసింది బలం కాదు తయితా. పంట మొత్తానికి దాచుకున్న సత్తువ నేను ఒక్కపూటలో పారబోసుకోవడం చూశారు. చూసి మెచ్చుకున్నారు. ఇంకోసారి పారబోయను."

 అయితే చేబదులు అడగమన్నాడు సెగుందో. మిగిలిన సగం ఎవరో ఒకరు తవ్వుతారు, వాటా పూర్తయినట్టే లెక్క.

అడుగుతానంది డెల్ఫినా, పడుకునే. కానీ పారకు పార తీర్చడం తనవల్ల కాదు. తూము దగ్గర కాపలా కూర్చునే పని ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి, చేలకు నీళ్లు మళ్లేటప్పుడు పలకలు ఎత్తాలి, దించాలి. ఆ వంతు వస్తే ప్రతి ఇల్లూ ఒక రోజు పని పోయిందని విసుక్కుంటుంది. తవ్వినవాళ్ల బదులు ఆ కాపలా తను కూర్చుంటుంది. పడుకుని కూడా చేయొచ్చు, నీళ్లకు అభ్యంతరం ఉండదు. ఒప్పుకుంటే ఇప్పుడే అడుగుతుంది.

మగవాళ్లలో గుసగుసలు రేగాయి. కూర్చోవడం పనెలా అవుతుందని ఒక ముసలాయన పైకే అన్నాడు.

"పారతో కూర్చునే పనిని సమానం చేస్తే రేపు ఊరంతా కూర్చుంటుంది," అన్నాడు సెగుందో.

"కూర్చోమనండి. ముందు నా ఒళ్లు తీసుకుని, తర్వాత కూర్చోమనండి."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే అడగను. ఇక్కడితో ఆపుతాను. రేపు కాదు ఎల్లుండి వచ్చి ఇంకొంచెం తవ్వుతాను."

అప్పటిదాకా ఎవరికీ తట్టని విషయం అప్పుడు అందరికీ తట్టింది. ఆమె వాటా కాలువకు నడుమ ఉంది. అది పూడి ఉంటే తూము తెరిచినా నీళ్లు కిందికి రావు, అక్కడే గట్టు పొర్లి కొండ మీదికి పోతాయి. ఆమె అడక్కుండా అందులో పార పెట్టే హక్కు ఎవరికీ లేదు, సెగుందోకు కూడా. ఊరి నీళ్లన్నీ ఆ సగం వాటా వెనక ఆగాయి.

బల్బీనా బురదలోంచి పైకి వచ్చింది.

"మా చిక్కుళ్లు పూత రాలుస్తున్నాయి. నువ్వు ఎల్లుండి వస్తానంటే అవి ఆగుతాయా? అడగవే. ఒక్క మాట అడుగు, నేను తవ్వి పారేస్తా."

"తీర్చేదెట్లా వదినా?"

"తీర్చకు. దానం అనుకో."

పక్కనున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. సాచాలోమలో దానం తీసుకునేది అయినవాళ్లంటూ ఎవరూ లేనివాళ్లే.

"నాకొద్దు," అంది డెల్ఫినా.

"వంగని ఒంటికి రోషమొకటి. వెంతూరా అన్న బతికుంటే నిన్నిట్లా చూసి సిగ్గుతో చచ్చేవాడు."

 డెల్ఫినా లేచి కూర్చుంది. మెల్లగా లేచింది, అలా లేవడమే ఆమెకు అలవాటు. పక్కనే ఎలియాస్ కూర్చుని ఉన్నాడు, గాలి అతని పోంచో మీదుగా వాసన మోసుకొస్తోంది. ఒక్క మాట చాలు. రాతిగోడ దగ్గర ఏం చూసిందో చెబితే, బల్బీనా ఈ జన్మలో ఇంకెవరినీ సోమరి అనలేదు. మాట నోటి దాకా వచ్చింది.

"నీ చేతులు చూపించు వదినా," అంది.

బల్బీనా చేతులు పావడాలోకి లాక్కుంది.

"ఇద్దరి వంతూ తవ్విన చేతులు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు. నేనూ ఒకసారి తవ్వాను. నాకు నీతో గొడవ లేదు." అక్కడితో ఆపింది.

 వదినకు తెలుసని బల్బీనాకు తెలిసింది. తెలిసీ చెప్పలేదని కూడా తెలిసింది. ఆ రెండింటిలో ఏది ఎక్కువ కోపం తెప్పించిందో ఆమెకే తెలియలేదు. ఏదో అనబోయింది.

ఎలియాస్ లేచాడు. రెండు చేతులూ నేలకు ఆన్చి లేచాడు. నడిచి వచ్చి, పోంచో తల మీదుగా తీసి, సెగుందో చేతికిచ్చాడు.

"దీన్ని వాసన చూడు తయితా."

సెగుందోకు అర్థం కాలేదు. చూడక్కర్లేదు, ఇక్కడికే వస్తోందన్నాడు.

"ఇప్పుడు నా నోరు చూడు."

ఆయన అతని ముఖం దగ్గరికి వంగాడు. అక్కడ సారా వాసన లేదు.

"ఎలియాస్," అంది బల్బీనా. అంతే అంది.

"ఆ జ్వరం తర్వాత చుక్క ముట్టలేదు," అన్నాడు ఎలియాస్. "ముట్టితే అసలే నిలబడలేను. సోమరి అనిపించుకోవడం కంటే తాగుబోతు అనిపించుకోవడమే మేలనుకున్నాం. ఇద్దరం అనుకున్నాం, దాన్నొక్కదాన్నే అనొద్దు. నా వాటా తవ్వుతుంది, తన పని చేసుకుంటుంది, సాయంత్రం నన్ను తాగుబోతని నలుగురిలో తిడుతుంది. తిట్టి తిట్టి దాని గొంతు కూడా పోయింది. ఇంక నావల్ల కాదు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "డెల్ఫినా పడుకుంది. నేనూ పడుకుంటాను."

సెగుందో చేతిలోంచి పోంచో తీసుకుని, తన వాటా గీత పక్కన గట్టు మీద పరిచి పడుకున్నాడు. టోపీ ముఖానికి పెట్టుకోలేదు. కళ్లు తెరిచి ఆకాశం చూస్తూ పడుకున్నాడు.

బల్బీనా తిరిగి బురదలోకి దిగింది. పార పట్టుకుంది. ఆమె తవ్వుతుందని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. పార కర్ర మీద చెయ్యి వేసి, ఆ చేతినే చూస్తూ నిలబడింది.

పైన తూము దగ్గర కాపలావాడు లేచి టోపీ ఊపాడు. తెరవనా అని అడుగుతున్నాడు. కింది వాటాలవాళ్లు పని ముగించి పారలు కడుక్కుని, ఆలస్యమెందుకో తెలియక, కాలువ వెంబడి పైకి నడిచి వస్తున్నారు. సెగుందో చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు.  కూర్చునే కాపలా పారకు సమానమా కాదా అని సంఘం పెద్దగా ఆయన తీర్పు చెప్పాల్సి ఉంది, ఇక్కడే, ఈ గట్టు మీదే, వీళ్లందరి ముందు.

డెల్ఫినా వాటాలో సగం, ఎలియాస్ వాటాలో కింది భాగం ఇంకా పూడిక తీయలేదు.